ప్లాస్మా సోర్స్ లోపల ఏముందో వెలుగుతో ఎంతవరకు చెప్పగలం? హనుమకొండ విద్యార్థి ప్రశ్నకు సమాధానం

తమ్మీ,

నీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, మిగతా వాళ్ళకూ అర్థమవుతుంది. నువ్వు హనుమకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నావు. మీ డిపార్ట్‌మెంట్‌లో గాజు గొట్టంలో హైడ్రోజన్ గ్లో డిశ్చార్జి ఉంది, అంటే కరెంటు పంపితే కొంత అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయి మెరిసే గ్యాస్. అదే ప్లాస్మా. వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే, ఒక నానోమీటర్ రిజల్యూషన్ ఉన్న చిన్న ఫైబర్ స్పెక్ట్రోమీటర్ కూడా ఉంది. ఫ్యూజన్ పరిశోధనలో వాడే ప్లాస్మా సోర్స్‌లకు దగ్గరగా ఏదైనా ప్రాజెక్టు చేయాలని నీ కోరిక. మీ గైడ్ మాత్రం లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మాలోకి దించి, వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచే సన్నని తీగ) పెట్టమంటున్నారు. వట్టి వెలుగును చూసి లోపలి సంగతి నిజంగా చెప్పవచ్చా, ఆ పరికరంతో ఎంతవరకు పోవచ్చు అని అడిగావు.

చెప్పవచ్చు. కొన్ని చోట్ల వెలుగు తప్ప వేరే దారే లేదు. కానీ స్పెక్ట్రమ్ తీసినంత మాత్రాన కొలిచినట్టు కాదు. కంప్యూటర్ తెర మీద కనబడే శిఖరం నుంచి ప్లాస్మాలోని సాంద్రత దాకా చేరాలంటే మధ్యలో చాలా తెలియాలి. కిటికీ, ఫైబర్, డిటెక్టర్ కలిసి ఎంత వెలుగు తిన్నాయి? నీ చూపురేఖ ప్లాస్మాలో ఎక్కడెక్కడి గుండా పోయింది? ఆ పరమాణువు ఆ పై స్థాయికి ఏ దారిన ఎక్కింది? వీటిలో ఒక్కటి ఊహతో నింపినా చివరి అంకె ఊహే. అయాన్ సోర్స్‌ల దగ్గర చాలా ఏళ్ళు పనిచేసినవాడిగా నేను గట్టిగా నమ్మేది ఇదే. ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు మొదట నేర్పనిదీ ఇదే.

ముందు ఈ సోర్స్‌లు ఎందుకో కొంచెం చెప్తాను. టోకమాక్ అంటే అయస్కాంత క్షేత్రంతో ప్లాస్మాను పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రం. అందులోని ప్లాస్మాను వేడి చేయడానికి వేగంగా పోయే తటస్థ పరమాణువుల కిరణపుంజాన్ని లోపలికి పంపుతారు. అయస్కాంత క్షేత్రం అయాన్లను అడ్డుకుంటుంది, తటస్థ కణాలను ఆపలేదు. కానీ తటస్థ కణాన్ని వోల్టేజీతో వేగవంతం చేయలేం. అందుకే ముందు అయాన్‌గా వేగం పెంచి, తర్వాత గ్యాస్ గుండా పంపి విద్యుదావేశం తీసేస్తారు. ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ ఫ్యూజన్ యంత్రం ఈటర్‌కు కావలసిన శక్తి 1 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్. అంత వేగంలో పాజిటివ్ అయాన్ తటస్థం కావడం దాదాపు జరగదు. నెగటివ్ అయాన్‌కు అదనపు ఎలక్ట్రాన్ 0.75 ఎలక్ట్రాన్ వోల్ట్ బలంతోనే అతుక్కుని ఉంటుంది కాబట్టి సులభంగా ఊడిపోతుంది. అందుకే ఈటర్ ఇంజెక్టర్ ఒక్కొక్కటి 40 ఆంపియర్ల డ్యుటీరియం నెగటివ్ అయాన్ పుంజాన్ని వేగవంతం చేసి 16.5 మెగావాట్లు ప్లాస్మాకు అందించాలని లెక్క వేశారు. ఆ నెగటివ్ అయాన్లను పుట్టించే రేడియో ఫ్రీక్వెన్సీ ప్లాస్మా పెట్టె గురించే మనం మాట్లాడుకుంటున్నది. ఇటలీలోని పాడోవాలో స్పైడర్, జర్మనీలోని గార్షింగ్‌లో ఎలీజ్, మన దేశంలో గాంధీనగర్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో రాబిన్, ఇవన్నీ ఆ కుటుంబమే.

అక్కడ ప్రోబ్ పెట్టడం ఎందుకు కష్టమో చూడు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర పదుల కిలోవాట్ల శక్తి కాయిల్‌లోకి పోతుంటే ప్రోబ్ తీగ మీద ఆ ఫ్రీక్వెన్సీ రొద ఎక్కుతుంది, వోల్టేజీ-కరెంటు వక్రరేఖ వంకర తిరుగుతుంది. పైగా కిరణపుంజం లాగేటప్పుడు సోర్స్ మొత్తం అధిక వోల్టేజీ మీద కూర్చుంటుంది. ఈటర్‌లో అది పది లక్షల వోల్టులు. ఆ వేదిక నుంచి రాగి తీగ మీద సంకేతం కిందికి తేవాలంటే పెద్ద ఏర్పాటు కావాలి. ఫైబర్ అయితే గాజు, విద్యుత్తు పారదు. ఒక చివర సోర్స్ కిటికీకి, మరో చివర భూమి వోల్టేజీ దగ్గరున్న స్పెక్ట్రోమీటర్‌కు పెట్టుకోవచ్చు. ఈటర్‌లో న్యూట్రాన్లు, గామా కిరణాల వల్ల ఫైబర్ నల్లబడే సమస్య వేరే ఉంది. అది నీ ప్రాజెక్టుకు సంబంధం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇక హైడ్రోజన్ వెలుగు. హెచ్-ఆల్ఫా 656.3, హెచ్-బీటా 486.1, హెచ్-గామా 434.0, హెచ్-డెల్టా 410.2 నానోమీటర్లు. ఇవి నీ స్పెక్ట్రోమీటర్‌లో మొదటి రోజే దొరుకుతాయి. వెంటనే ఎవరో ఒకరు చెప్తారు: ఈ నాలుగింటితో బోల్ట్జ్‌మన్ ప్లాట్ (రేఖల బలాల లాగరిథమ్‌ను పై స్థాయి శక్తికి ఎదురుగా పెట్టే గీత) గీయి, వాలు నుంచి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత వస్తుంది అని. దయచేసి ఆ పని చేయకు. మన విశ్వవిద్యాలయాల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ తప్పు ఎన్నో సార్లు చూశాను, ప్రతిసారీ బాధేసింది. ఎందుకంటే ఆ పిల్లలు కష్టపడి మంచి డేటా తీసి, చివరి పేజీలో అర్థం లేని అంకె రాశారు.

ఆ ప్లాట్ పనికిరావాలంటే శక్తి స్థాయిల మధ్య పంపకం ఎలక్ట్రాన్ ఢీకొనడాలతోనే నడవాలి, వెలుగుగా దిగిపోవడం దాని ముందు లెక్కలోకి రాకూడదు. దానికి ఎంత ఎలక్ట్రాన్ సాంద్రత కావాలో చెప్పే మెక్‌విర్టర్ షరతు ఉంది. ఘనసెంటీమీటరుకు 1.6 × 10¹² ను ఉష్ణోగ్రత వర్గమూలంతోనూ, స్థాయిల మధ్య శక్తి తేడా ఘనంతోనూ గుణించాలి. ఉష్ణోగ్రత కెల్విన్లలో, శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో. హైడ్రోజన్ మొదటి రెండు స్థాయిల మధ్య తేడా 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఉష్ణోగ్రత 1 ఎలక్ట్రాన్ వోల్ట్, అంటే దాదాపు 11,600 కెల్విన్ అనుకో. గుణిస్తే ఘనమీటరుకు దాదాపు 1.8 × 10²³ వస్తుంది. ఫ్యూజన్ అయాన్ సోర్స్‌లో బాగా దట్టమైన చోట కూడా 10¹⁸ దరిదాపుల్లోనే ఉంటుంది. లక్ష రెట్లకు పైగా తక్కువ! నీ గ్లో డిశ్చార్జి ఇంకా పల్చన. కాబట్టి నీకు వచ్చే వాలు ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కాదు, ఆ నాలుగు స్థాయిల పంపకానికి పెట్టిన ఒక పేరు మాత్రమే. ఒక సరళరేఖ చక్కగా కుదిరింది కదా అని నమ్మకు, కుదరడం ఆ షరతుకు రుజువు కాదు.

మరి ఏం చేస్తారు? ప్రతి స్థాయికీ జమాఖర్చు రాస్తారు. పైకి ఎక్కే దారులు: పరమాణువును ఎలక్ట్రాన్ ఢీకొనడం, హైడ్రోజన్ అణువు పగులుతూ ఉత్తేజిత పరమాణువును వదలడం, అణు అయాన్లు ఎలక్ట్రాన్‌ను పట్టుకుని విడిపోవడం, నెగటివ్ అయాన్ పాజిటివ్ అయాన్‌తో కలిసి రెండూ తటస్థం కావడం. దిగే దారులు: వెలుగు, మళ్ళీ ఢీకొనడాలు. దీన్నే కొలిజనల్ రేడియేటివ్ మోడల్ అంటారు. జర్మనీలోని గార్షింగ్, ఆగ్స్‌బర్గ్ బృందాలు వాడే యకోరా అనే ప్రోగ్రాం ఈ పనికోసం రాసిందే. ఈ మోడల్‌తో హెచ్-బీటా, హెచ్-గామా నిష్పత్తి ఎలక్ట్రాన్ సాంద్రతను బాగా పట్టిస్తుంది. నెగటివ్ అయాన్లు గణనీయంగా ఉన్నచోట హెచ్-ఆల్ఫా మాత్రం మిగతా రేఖలను మించి పెరుగుతుంది. నెగటివ్, పాజిటివ్ అయాన్లు కలిసినప్పుడు ఎలక్ట్రాన్ ఎక్కువగా రెండు, మూడో స్థాయిల్లో పడుతుంది కాబట్టి, మూడో స్థాయి నుంచి వచ్చే హెచ్-ఆల్ఫాకు అదనపు బలం చేరుతుంది. ఒక చిన్న కిటికీ గుండా వచ్చే రెండు ఎరుపు-నీలం రేఖల నిష్పత్తి నుంచి కంటికి కనబడని నెగటివ్ అయాన్ల లెక్క చెప్పగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

వెలుగు చూసి పదార్థాన్ని పట్టుకోవడం తెలుగు నేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల స్పెక్ట్రమ్ చూశారు. వాటిలోని పసుపు రేఖ సోడియంది కాదని లాకియర్ అదే ఏడాది ఇంగ్లండులో తేల్చాడు. అది హీలియం రేఖ, 587.6 నానోమీటర్లు. ఈటర్‌లో ఫ్యూజన్ జరిగాక మిగిలే బూడిద కూడా హీలియమే. అది ఎంత పేరుకుందో కొలవడానికి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల హైడ్రోజన్ పుంజాన్ని పంపి, హీలియం అయాన్ ఒక ఎలక్ట్రాన్ పట్టుకున్నప్పుడు వెలువడే వెలుగును చూస్తారు. ఇలా వేడి చేయడానికి కాక కొలవడానికి వాడే ఆ డయాగ్నొస్టిక్ పుంజం తయారీ బాధ్యత భారతదేశానిదే. రాబిన్ మీద జరిగే పని ఆ దారిలోదే.

సీజియం సంగతి దగ్గర కొంచెంసేపు ఆగుతాను. ఎందుకంటే ఎమిషన్ (పరమాణువు వదిలే వెలుగు), అబ్జార్ప్షన్ (అది మింగే వెలుగు) వేర్వేరు ప్రశ్నలు అడుగుతాయని అక్కడే తేటగా తెలుస్తుంది. సోర్స్‌లో నెగటివ్ అయాన్లు ఎక్కువగా పుట్టేది ప్లాస్మా గ్రిడ్ అనే లోహపు పలక మీద. దాన్ని తాకిన హైడ్రోజన్ పరమాణువు లోహం నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసుకుని వెనక్కి వస్తుంది. లోహం ఎలక్ట్రాన్‌ను సులభంగా వదలాలంటే వర్క్ ఫంక్షన్, అంటే దాన్ని బయటికి లాగడానికి కావలసిన శక్తి, తక్కువ కావాలి. అందుకే పెట్టెలోకి సీజియం ఆవిరి వదులుతారు. శుద్ధ టంగ్‌స్టన్‌కు వర్క్ ఫంక్షన్ సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు, సీజియంకు 2.1. లోహం మీద పల్చటి సీజియం పొర ఉంటే అంతకంటే కూడా కిందికి దిగుతుంది. కానీ ఈ పొర మహా సున్నితం. వాక్యూమ్‌లో మిగిలిన తేమ, ఆక్సిజన్ దాన్ని పాడు చేస్తాయి, ప్లాస్మా దాన్ని గోకి తీసేస్తుంది. కాబట్టి ఎంత సీజియం ఎక్కడ ఉందో నిమిష నిమిషం తెలియాలి.

852.1 నానోమీటర్ల దగ్గర సీజియం ఎమిషన్ చూస్తే సులభమే, ఫైబర్ చాలు. కానీ ఎమిషన్ రావాలంటే ఎలక్ట్రాన్లు ఢీకొట్టాలి. పల్స్ ఆగగానే రేఖ మాయమవుతుంది, పరమాణువులు మాత్రం అక్కడే తిరుగుతూ ఉంటాయి. అంతేకాక రేఖ బలం పెరిగితే సీజియం పెరిగిందా, ఎలక్ట్రాన్ల వేడి పెరిగిందా అని విడదీయడం కష్టం. సీజియం 3.9 ఎలక్ట్రాన్ వోల్టులకే అయనీకరణం చెందుతుంది కాబట్టి ప్లాస్మా నడుస్తుండగా అందులో ఎక్కువ భాగం అయాన్‌గా మారి, ఆ రేఖకు అందకుండా పోతుంది. ఇక్కడ డయోడ్ లేజర్ అబ్జార్ప్షన్ పనికొస్తుంది. సన్నని లేజర్‌ను 852 నానోమీటర్ల చుట్టూ మెల్లగా జరుపుతూ ఎంత వెలుగు మింగబడిందో చూస్తారు. అది నేరుగా భూస్థాయిలో (అతి తక్కువ శక్తి స్థాయిలో) ఉన్న తటస్థ పరమాణువుల లెక్క, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతతో పనిలేదు, ప్లాస్మా లేనప్పుడూ పనిచేస్తుంది. రెండు శిఖరాలు కనబడతాయి, వాటి మధ్య దూరం దాదాపు 9 గిగాహెర్ట్జ్, అంటే సుమారు 21 పికోమీటర్లు. సెకనును నిర్వచించే సీజియం గడియారపు 9.19 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ వచ్చేదీ భూస్థాయిలోని ఈ చీలిక నుంచే కాబట్టి ఫ్రీక్వెన్సీ కొలబద్ద స్పెక్ట్రమ్‌లోనే దొరికినట్టు. ఒక జాగ్రత్త: లేజర్ శక్తి ఎక్కువైతే పరమాణువులను తనే పై స్థాయికి పంపేసి, ఉన్నదానికంటే తక్కువ సాంద్రత చూపిస్తుంది. శక్తి తగ్గిస్తూ పోయి, లెక్క మారడం ఆగేదాకా తగ్గించాలి.

నెగటివ్ అయాన్లను మోడల్ అవసరం లేకుండా నేరుగా కొలిచే పద్ధతి క్యావిటీ రింగ్ డౌన్. ప్లాస్మాకు అటూ ఇటూ 99.99 శాతం వెలుగును తిప్పికొట్టే రెండు అద్దాలు పెట్టి, 1064 నానోమీటర్ల లేజర్ పల్స్‌ను వాటి మధ్య వదులుతారు. వేయిస్తంభాల గుడిలో గంట కొట్టి వదిలితే మోత మెల్లగా తగ్గుతుంది, చేయి ఆనిస్తే త్వరగా చస్తుంది. ఎంత గట్టిగా కొట్టావన్న దానితో ఆ తగ్గే వేగానికి సంబంధం లేదు. ఇక్కడా అంతే. లేజర్ బలం ఒక్కో పల్స్‌కు మారినా లెక్క చెడదు, చూసేది వెలుగు చచ్చే కాలం. అద్దాల మధ్య దూరం 1 మీటరు అయితే ఖాళీగా ఉన్నప్పుడు ఆ కాలం 33 మైక్రోసెకన్లు. 1064 నానోమీటర్ల ఫోటాన్‌కు 1.17 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంది, 0.75 తో అతుక్కున్న ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి చాలు. ఆ చర్యకు క్రాస్ సెక్షన్ (ఫోటాన్‌కు ఒక్కో అయాన్ ఎంత వైశాల్యంగా అడ్డుపడుతుందో చెప్పే కొలత) సుమారు 3.5 × 10⁻²¹ చదరపు మీటర్లు. ప్లాస్మా 30 సెంటీమీటర్ల పొడవున, నెగటివ్ అయాన్ సాంద్రత ఘనమీటరుకు 10¹⁷ ఉందనుకో. ఒక్కసారి దాటేటప్పుడు పోయే వెలుగు దాదాపు పదివేలలో ఒక వంతు, అద్దం దగ్గర పోయేదానితో సమానం. కాలం 33 నుంచి 16 మైక్రోసెకన్లకు పడిపోతుంది. సాంద్రత 10¹⁶ అయితే తేడా 9 శాతం మాత్రమే, అప్పుడు చాలా పల్స్‌ల సగటు కావాలి. ఈ పద్ధతి ఖరీదైనది, అద్దాల మీద సీజియం పడితే కథ ముగుస్తుంది. ఎమిషన్ మోడల్ చెప్పిన అంకె సరైనదా కాదా అని సరిచూడటానికి మాత్రం దీన్ని మించింది లేదు.

పుంజం బయటికి వచ్చాక చూసేది డాప్లర్ జరుగుడు, అంటే వెలుగిచ్చే పరమాణువు వేగం వల్ల రేఖ తరంగదైర్ఘ్యం జరగడం. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల హైడ్రోజన్‌ను ఎదురుగా 60 డిగ్రీల కోణంలో చూస్తే హెచ్-ఆల్ఫా సుమారు 4.8 నానోమీటర్లు నీలం వైపు జరుగుతుంది. ఆ జరిగిన శిఖరపు వెడల్పు పుంజం ఎంత విచ్చుకుందో చెప్తుంది.

ఇక నీ గాజు గొట్టం దగ్గరికి వద్దాం. ఒక నానోమీటర్ రిజల్యూషన్‌తో బామర్ రేఖలు, అంటే హెచ్-ఆల్ఫా మొదలు పైన చెప్పిన నాలుగు, చక్కగా విడివిడిగా వస్తాయి. 590 నుంచి 650 మధ్య హైడ్రోజన్ అణువు ఇచ్చే ఫుల్చర్ బ్యాండ్ నుంచి గ్యాస్ ఉష్ణోగ్రత తీస్తారు, కానీ దానికి ఒక్కొక్క భ్రమణ రేఖ విడిపోవాలి, నీ పరికరం చాలదు. దాని మొత్తం వెలుగును మాత్రం బామర్ రేఖలతో పోల్చుకోవచ్చు, అణువులు ఎంత ఉన్నాయో పరమాణువులు ఎంత ఉన్నాయో ఒక అందాజు వస్తుంది.

మొదటి నెల డిశ్చార్జి ముట్టుకోకు. క్యాలిబ్రేషన్ చెయ్యి. తరంగదైర్ఘ్యానికి మామూలు ట్యూబ్‌లైట్‌లోని పాదరసం చాలు: 435.8, 546.1, 577.0, 579.1. చివరి రెండూ నీ పరికరంలో ఎంత కలిసిపోతాయో చూస్తే నిజమైన రిజల్యూషన్ కూడా తెలుస్తుంది. తీవ్రతకు సర్టిఫికెట్ ఉన్న టంగ్‌స్టన్ హాలోజన్ దీపం కావాలి. డిపార్ట్‌మెంట్‌లో లేకపోతే ఊళ్ళోని వేరే ఆప్టిక్స్ ల్యాబ్‌లలో అడుగు, ఒక రోజుకు ఇవ్వడానికి చాలామంది ఒప్పుకుంటారు. క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు అదే ఫైబర్, అదే లెన్స్, వీలైతే అదే గాజు ముక్క మధ్యలో ఉండాలి. ఫైబర్ వంపు మారినా మళ్ళీ మొదటికి. నీలం వైపు టంగ్‌స్టన్ దీపం వెలుగు తక్కువ కాబట్టి హెచ్-గామా, హెచ్-డెల్టా దగ్గర నీ లెక్కలో అనిశ్చితి ఎక్కువ ఉంటుంది, అది రిపోర్టులో రాయి.

హెచ్-ఆల్ఫా డిటెక్టర్‌ను నింపేస్తున్నప్పుడు హెచ్-గామా రొదలో ఉంటుంది. ఒకే ఎక్స్‌పోజర్‌తో రెండూ పట్టాలని చూడకు, వేర్వేరు సమయాలతో తీసి సమయంతో భాగించు, ప్రతిదానికీ దాని సొంత డార్క్ (వెలుగు లేకుండా అంతే సమయం తీసిన రీడింగు) తీసెయ్యి. గ్రేటింగ్ రెండో ఆర్డర్ సంగతి మరవకు, ఒక రేఖ దాని రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కూడా దొంగగా కనబడుతుంది. గొట్టంలో కొంచెం తేమ ఉన్నా 309 నానోమీటర్ల దగ్గర హైడ్రాక్సిల్ బ్యాండ్ వస్తుంది, దాని రెండో ఆర్డర్ 618 దగ్గర, సరిగ్గా ఫుల్చర్ బ్యాండ్ మధ్యలో కూర్చుంటుంది. మీ స్పెక్ట్రోమీటర్‌లో దాన్ని ఆపే ఫిల్టర్ లేకపోతే, 400 కంటే కింది వెలుగును ఆపే గాజు ఫిల్టర్ ముందు పెట్టు. 337.1 దగ్గర నైట్రోజన్ కనిపిస్తే గాలి లీక్ ఉన్నట్టే. అది సరిచేయకుండా తీసిన డేటా అంతా వృథా.

అంతా కుదిరాక ఒకటి రెండు శాతం ఆర్గాన్ కలుపు. 750.4 నానోమీటర్ల ఆర్గాన్ రేఖతో హెచ్-ఆల్ఫాను పోలిస్తే, పీడనం మారుతున్నప్పుడు హైడ్రోజన్ అణువులు ఎంత విడిపోతున్నాయో ధోరణి చెప్పవచ్చు. ధోరణి అన్నాను, విలువ అనలేదు, ఎందుకంటే నీ పీడనాల్లో అణువు పగిలి వచ్చే హెచ్-ఆల్ఫా కూడా కలుస్తుంది. అది ఎంతో అంచనా వేసి రాస్తే అదే నీ ప్రాజెక్టులో బలమైన అధ్యాయం అవుతుంది. గాంధీనగర్ సంస్థ ఎండాకాలం విద్యార్థులకు సమ్మర్ స్కూల్ నడుపుతుంది. నీ ఏడాదివాళ్ళకు అర్హత ఉందేమో చూసి దరఖాస్తు పెట్టు. వరంగల్ నుంచి నవజీవన్ ఎక్కితే అహ్మదాబాద్. ఇంటర్వ్యూ ఉంటే నీ ఫలితాన్ని కాదు, ఆ ఫలితానికి ఎలా చేరావో అడగవచ్చు, అందుకని క్యాలిబ్రేషన్ డేటా వెంట తీసుకుపో.

రోటరీ పంపు పొగగొట్టం కిటికీ బయటికి పెట్టారా లేదా ఈరోజే చూడు. గదిలోకి హైడ్రోజన్ వదలకూడదు.

చివరికి ప్రోబ్ సంగతి. మీ గైడ్ మాట తీసెయ్యకు. నీది డైరెక్ట్ కరెంట్ డిశ్చార్జి, రేడియో ఫ్రీక్వెన్సీ గొడవ లేదు, ప్రోబ్ మంచిగా పనిచేస్తుంది. ప్రోబ్ కొన ఉన్న చోటు గుండానే ఫైబర్ చూపురేఖ పోయేలా అమర్చు. ప్రోబ్ ఒక బిందువు దగ్గరి అంకె ఇస్తుంది, ఫైబర్ దారి పొడవునా కూడిన అంకె ఇస్తుంది. కాబట్టి ప్రోబ్‌ను అడ్డంగా జరుపుతూ సాంద్రత ఎలా తగ్గుతోందో తీసి, ఆ ఆకారాన్ని చూపురేఖ మీద కూడు. అప్పుడు రెండు పద్ధతులనూ ఒకే ప్రశ్న అడిగినట్టు అవుతుంది. రెండూ కలవకపోతే రెండు అంకెలనూ, వాటి అనిశ్చితులతో సహా పక్కపక్కన వెయ్యి. ప్రోబ్ పెట్టినప్పుడూ తీసినప్పుడూ స్పెక్ట్రమ్ మారిందా అన్నది కూడా నమోదు చెయ్యి.

వివరాలు ఎక్కడైనా ఆగిపోతే పీడనం, కరెంటు, గొట్టం వ్యాసం, స్పెక్ట్రమ్ ముడి ఫైలు పంపు, చూసి చెప్తాను.